దీనికేమని పేరు పెట్టాలి?



ఈ నెల పిల్లల పరీక్షల గురించి వ్రాద్దామని కూర్చున్నాను. ఇంతలో తాడేపల్లిగూడెం నుంచి మా చెల్లెలి ఫోను వచ్చింది. "అక్కయ్యా, ఒక్కసారి వచ్చి వెళ్లు. మూడు వారాలుగా ఇంట్లో తాతా మనవళ్లకు మాటల్లేవు. మధ్యలో నేను నలిగిపోతున్నాను" అంది.

సంగతి ఇది. మా చెల్లెలి కొడుకు డిగ్రీ చదువుతున్నాడు. ఆరేళ్లుగా వయొలిన్ నేర్చుకుంటున్నాడు. ఆగమన కాలంలో ఒక ఆదివారం, గుడిలో కానుక పట్టే సమయాన, వాడూ వాడి స్నేహితులూ కలిసి ఒక వాద్యగోష్ఠి చేశారట. మూడు వయొలిన్లు, ఒక కీబోర్డు, ఒక బేస్ గిటారు, ఒక డ్రమ్ సెట్టు. డ్రమ్ముల మీద మొదటి దరువు పడగానే మా చెల్లెలి మావగారు, ఎనభై దాటిన మనిషి, ముందు వరుసలోంచి లేచారు. చేతికర్ర ఊతంతో అందరి మధ్యనుంచి నడుచుకుంటూ బయటికి వెళ్లిపోయారు. సంఘమంతా చూసింది. ఇంటికొచ్చాక పెద్దాయన ఏమీ అనలేదు గాని, మా మరిదిగారు మాత్రం "అది దేవుని మందిరం అనుకున్నావా, రికార్డు డ్యాన్సు పందిరి అనుకున్నావా?" అన్నారు. పిల్లవాడు వయొలిన్ పెట్టెలో పెట్టి బీరువా మీదకు ఎక్కించేశాడు. తరువాతి ఆదివారం గుడికి రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు.

ఇది మా ఒక్క ఇంటి గొడవే అయితే మీ ముందుకు తెచ్చేదాన్ని కాదు. ఈ మాట చదువుతుండగానే "మా ఇంట్లోనూ ఇదేగా" అనుకునే తల్లులు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు.

ఏలూరులో రైలెక్కాను. దెందులూరు, భీమడోలు, పూళ్ల ఒక్కొక్కటే దాటుతున్నాయి. నిజం చెప్పాలంటే నా మనసులో తీర్పు ముందే వ్రాసిపెట్టుకున్నాను. పెద్దాయనది న్యాయం, పిల్లవాడిది తొందరపాటు. వాడికి నాలుగు మంచిమాటలు చెప్పి, తాతగారి దగ్గర క్షమాపణ అడిగించి, సాయంత్రం బండికి తిరిగి రావాలని నా ఆలోచన.

"పెద్దమ్మా, నువ్వు కూడా తిట్టడానికే వచ్చావా?" అన్నాడు వాడు, గది తలుపు తీస్తూనే.

"లేదురా. ఏం వాయించారో వినడానికి వచ్చాను" అన్నాను. అది సగమే నిజం. కాని ఆ మాట అన్నందుకు వినక తప్పలేదు.

వాడు వినిపించిన దాని పేరు పల్లాడియో. అచ్చంగా తంతివాద్యాల కోసం కార్ల్ జెన్‌కిన్స్ అనే ఆయన 1995లో పూర్తిచేసిన రచన. అందులోని మొదటి భాగం అంతకు ముందే, 1993లో, ఒక వజ్రాల కంపెనీ టీవీ ప్రకటనలో వినిపించింది. ఈ జెన్‌కిన్స్ వేల్స్ దేశంలో పెన్‌క్లాడ్ అనే ఊళ్లో 1944లో పుట్టాడు. ఆ ఊరు సముద్రపు పాయ ఒడ్డున గుల్లలు ఏరి అమ్ముకోవడానికి పేరుపడిన పల్లె. మన కొల్లేటి లంకల వంటిదన్నమాట. తండ్రి బడిపంతులు. ఆ ఊరి ప్రార్థనామందిరంలో ఆర్గన్ వాయిస్తూ క్వయిరు నడిపేవాడు. కొడుక్కి మొదటి సంగీత పాఠం ఆయనే చెప్పాడు. ఆ కొడుకు పెరిగి పెద్దవాడై, 1970లలో సాఫ్ట్ మెషీన్ అనే బృందంలో చేరి జాజ్, రాక్ కలిసిన సంగీతం వాయించాడు. ఆ రెండు చోట్లా చెవిలో పడ్డవి పల్లాడియోలో ఒకచోట చేరాయి.

దాని కట్టడం పాతది. 'కాన్‌చెర్టో గ్రోసో' అంటారు. 1600 నుంచి 1750 దాకా యూరపులో నడిచిన సంగీతాన్ని బరోక్ సంగీతమంటారు గదా, ఆ కాలంలో ఇటలీలో కొరెల్లి వంటివారు పెంచిన పద్ధతి ఇది. వాద్యకారుల్లో కొద్దిమంది ఒక చిన్న గుంపు, మిగిలినవారంతా ఒక పెద్ద గుంపు. చిన్న గుంపు ఒక మాట అంటుంది, పెద్ద గుంపు అందుకుంటుంది. మన గుడిలో క్వయిరు చరణం పాడితే సంఘమంతా పల్లవి అందుకున్నట్టు. పల్లాడియో అన్న పేరు కూడా సంగీత విద్వాంసుడిది కాదు, 16వ శతాబ్దపు ఇటలీ వాస్తుశిల్పిది. మట్టపు గుండు వేలాడదీసి, కొలత తప్పకుండా గోడ లేపినట్టు ఈ సంగీతం కూడా లెక్కగా లేస్తుంది.

కట్టడం పాతదైనా నడక మాత్రం కొత్తది. అడుగు స్థాయిలో తీగలు ఒకే దెబ్బను గుండె కొట్టుకున్నట్టు విడవకుండా కొడుతుంటాయి. దాని మీద ఒక చిన్న స్వరాల గుత్తి మళ్లీ మళ్లీ వస్తుంది. రాక్ సంగీతంలో గిటారు చేసే పని అదే.

"అసలు రచనలో డ్రమ్ములు ఉన్నాయట్రా?" అని అడిగాను.

"లేవు పెద్దమ్మా. ఉత్త తంతివాద్యాలే. ఎస్కాలా అని నలుగురు అమ్మాయిల బృందం 2009లో దాన్ని ఎలక్ట్రిక్ వయొలిన్ల మీద తమ ఆల్బమ్‌లో వాయించింది. అది విని మేమూ డ్రమ్ములు కలిపాం" అన్నాడు. అబద్ధమాడకుండా చెప్పినందుకు ముచ్చటేసింది.

"ఇవన్నీ తెల్లదొరల దేశపు సంగతులు. మనకెందుకురా?" అన్నాను.

అప్పుడు వాడు రెండోది పెట్టాడు. వినగానే నాకు తెలిసింది. ఇళయరాజా గారి 'హౌ టు నేమ్ ఇట్?'. 1986లో వచ్చింది. అంటే 'దీనికేమని పేరు పెట్టాలి?' అని. మన 'సాగర సంగమం' 1983లోనూ, 'రుద్రవీణ' 1988లోనూ వచ్చాయి. ఆ రెంటికీ ఆయనకు జాతీయ బహుమతులు అందాయి. ఆ రెంటికీ నడుమ, ఏ సినిమాకూ సంబంధం లేకుండా, పాటలూ మాటలూ లేకుండా చేసిన రచనల కూర్పు ఇది. ముఖ్యంగా వయొలిన్లూ తక్కిన తంతివాద్యాలే దీనికి ప్రాణం. ప్రధాన వయొలిన్ వాయించినది వి.ఎస్. నరసింహన్ గారు.

ఇళయరాజా గారు 1943లో తమిళనాడులోని పణ్ణైపురంలో పుట్టారు. మద్రాసులో ధనరాజ్ మాస్టారి దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చారు. లండన్ ట్రినిటీ కాలేజీ వారి గిటారు పరీక్షలో స్వర్ణపతకం పొందారు. సినిమాల్లో వయొలిన్ల వరుసల ప్రక్కనే బేస్ గిటారునూ డ్రమ్ములనూ కూర్చోబెట్టి మనందరి చెవులకూ అలవాటు చేసినది ఆయనే. 2025 మార్చి 8న లండన్‌లో తాను వ్రాసిన సింఫనీని వినిపించారు. అప్పటికి ఆయన వయస్సు 81.

1986 నాటి ఆ రచనను ఆయన ఇద్దరికి అంకితం చేశారు. ఒకరు త్యాగరాజు. కావేరి ఒడ్డున తిరువయ్యారులో ఉండి తెలుగులో కృతులు వ్రాసిన మన వాగ్గేయకారుడు. రెండోవారు జర్మనీ దేశపు యొహాన్ సెబాస్టియన్ బాక్. లైప్‌జిగ్ నగరంలో 1723 నుంచి 1750లో చనిపోయేవరకు లూథరన్ ఆలయాల సంగీత బాధ్యత మోసిన మనిషి.

అందులో 'ఐ మెట్ బాక్ ఇన్ మై హౌస్' అని ఒక భాగం ఉంది. బాక్ మా ఇంట్లో నాకు ఎదురయ్యాడు అని అర్థం. బాక్ ఒంటరి వయొలిన్ కోసం వ్రాసిన ప్రెలూడ్ ఒకటి చకచకా సాగుతుంటే, ఇళయరాజా గారి తంతివాద్యాలు దానితో మాట కలుపుతాయి. ఆ తరువాతి భాగం పేరు 'అండ్ వియ్ హ్యాడ్ ఎ టాక్'. మేమిద్దరం మాట్లాడుకున్నాము అని. ఇంకొక చోట ఫ్యూగ్ ఉంది. ఫ్యూగ్ అంటే ఒక గొంతు ఒక వరుస ఎత్తుకుంటుంది. అది ముగిసీ ముగియకముందే రెండోది అదే వరుసను వేరే స్థాయిలో ఎత్తుకుంటుంది, తరువాత మూడోది. ఆటపాక దగ్గర కొల్లేటి మీద ఒక గూడబాతు లేస్తే దాని వెనుక మరొకటి, మరొకటి లేచి, చివరికి అన్నీ ఒకే వరుసలో సాగడం మీరు చూసే ఉంటారు. వినడానికి అలా ఉంటుంది.

కూర్చుని మొత్తం విన్నాను. బాగుంది. అయినా నా తీర్పు మార్చుకోలేదు. "కచేరీకి బాగుందిరా. గుడికెలా తగుతుంది? ఇప్పుడు విన్న ఆ ప్రెలూడ్ కూడా గుడి కోసం వ్రాసింది కాదేమో" అన్నాను.

వాడు నవ్వాడు. మూడు వారాల్లో మొదటిసారి అని తరువాత చెల్లెలు చెప్పింది.

ఆ ప్రెలూడ్ కథ వింటే మీకూ ఆశ్చర్యమేస్తుంది. బాక్ స్వదస్తూరితో ఉన్న దాని ప్రతి మీద 1720 అని ఉంది. ఆ ప్రెలూడ్ తరువాత అదే వరుసలో వచ్చేవన్నీ గావోట్, మెన్యుయెట్, బుర్రే, జీగ్ అని ఆ కాలపు నృత్యాల పేర్లు పెట్టుకున్నవే. అంటే ఒక విధంగా ఆనాటి ఆట సంగీతమే. అదే ప్రెలూడ్‌ను బాక్ 1731లో లైప్‌జిగ్ ఆలయానికి తీసుకువచ్చాడు. నగర పాలకుల కొత్త సభ కోసం జరిగిన కృతజ్ఞతారాధనలో, వయొలిన్ వాయించిన స్వరాలను ఆర్గన్‌కు ఇచ్చి, చుట్టూ తంతివాద్యాలు పెట్టి, బాకాలు పెట్టి, వాటితోపాటు డ్రమ్ములూ పెట్టాడు. మన నగారాల వంటి పెద్ద జంట డ్రమ్ములు. గుడిలోనే!

ఇది విన్నాక నాకు ఎప్పుడో చదివిన మరొక సంగతి గుర్తుకు వచ్చింది. బాక్ ఇరవై ఏళ్ల కుర్రవాడిగా ఆర్న్‌స్టాట్ అనే ఊరి గుడిలో ఆర్గన్ వాయించేవాడు. బుక్స్‌టెహూడే అనే పెద్ద విద్వాంసుని సంగీతం వినడానికి నాలుగు వారాల సెలవు పెట్టి, దూరాన ఉన్న ల్యూబెక్‌కు వెళ్లి, దాదాపు నాలుగింతల కాలం ఉండిపోయి వచ్చాడు. 1706లో సంఘ పెద్దలు పిలిచి మందలించారు. సెలవు మీరినందుకే కాదు. కీర్తనల మధ్య వింత స్వరాలు చొప్పించి సంఘాన్ని తికమక పెడుతున్నాడని. ఆ మందలింపు ఆ సంఘం రికార్డుల్లో ఇప్పటికీ ఉంది. ఈనాడు ఆ పెద్దల పేర్లు ఎంతమందికి తెలుసు? ఆ కుర్రవాడు మాత్రం తన ఆలయ సంగీత రచనల చివర 'మహిమ దేవునికే' అని అర్థం వచ్చే మూడు అక్షరాలు వ్రాసేవాడు.

అంత దూరం పోనక్కరలేదు. మన కీర్తనల పుస్తకం తెరిచి చూడండి. కీర్తన పైన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి గారి వంటి భక్తులు క్రొత్త విశ్వాసాన్ని పాత రాగంలో పెట్టి పాడారు. మనం కర్ణాటక సంగీతపు సొంత వాద్యం అనుకునే వయొలిన్ కూడా దాదాపు 200 ఏళ్ల క్రితం సముద్రం దాటి వచ్చినదే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో పాశ్చాత్య విద్వాంసుని దగ్గర నేర్చి దాన్ని మన సంగీతంలోకి తెచ్చారు. ఈ రోజు మన ఏలూరు ప్రక్కన సోమవరప్పాడులో 1926లో పుట్టిన అన్నవరపు రామస్వామి గారికి ఆ వాద్యం మీదనే 2021లో పద్మశ్రీ వచ్చింది. హార్మోనియం సంగతో? మన పల్లె గుళ్లన్నిటికీ అదే దిక్కు. దాన్ని ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా రానివ్వలేదు.

ఈ సాక్ష్యాలన్నీ మూటకట్టుకుని, ఈసారి పిల్లవాడి తరఫున వకీలునై, అరుగు మీద కూర్చున్న పెద్దాయన దగ్గరికి వెళ్లాను. బాక్ గురించి, డ్రమ్ముల గురించి, 150వ కీర్తనలో తంబురా తంతివాద్యాలూ మ్రోగు తాళాలూ అన్నీ ఉండడం గురించి చెప్పాను. ఆయన చివరిదాకా ఓపికగా విన్నారు.

"నువ్వు చెప్పినవన్నీ నిజమే అయ్యుంటాయమ్మా. నాకు బాక్ తెలీదు. నాకు డప్పు తెలుసు" అన్నారు.

ఆయనది కొల్లేటి లంక. వాళ్ల నాన్నగారు డప్పు కొట్టేవారట. ఊళ్లో చావు వస్తే కబురు. జాతరకు కబురు. మునసబు దండోరా వేయించాలంటే కబురు. జ్వరమొచ్చిందన్నా, పొలంలో పనుందన్నా వినేవారు కాదు. కొట్టినందుకు కూలి కాదు, మిగిలిన కూడు. "నేను ఐదారేళ్లవాణ్ణి. వాన పడుతుంటే మా నాన్న ముందు నడిచేవాడు, నేను వెనక. నీటికి చర్మం మెత్తబడితే గడ్డి మంట వేసి కాచేవాడు. ఆ మంట దగ్గర ఆయన చేతులు నాకిప్పటికీ కనబడతాయి" అన్నారు.

బాప్తిస్మం పుచ్చుకున్న రోజున ఆయన ఆ డప్పును చూరుకు వేలాడదీశారట. మళ్లీ దించలేదు. ఒక ఏడు వరదకు ఇంటితోపాటు అదీ పోయింది. "మిషను బడిలో చదివి నేను మాస్టర్నయ్యాను. గుడిలో హార్మోనియం పక్కన నిలబడి కీర్తన పాడిన రోజున మా నాన్న ఏడ్చాడు. ఇక్కడ మనల్ని ఎవరూ 'రారా, కొట్టరా' అని పిలవరు అన్నాడు. మొన్న వీడి స్నేహితుడు ఆ మొదటి దరువు కొట్టగానే నాకు ఆ వాన గుర్తొచ్చింది. లేచి వచ్చేశాను. వాడి మీద కోపంతో కాదమ్మా."

నా మూటలోని సాక్ష్యాలేవీ ఈ మాటకు జవాబు చెప్పలేవు. సంగీతం గురించి తగవు అనుకుని వచ్చాను. అది సంగీతం గురించి కానే కాదు. ఎనభై ఏళ్లుగా ఒక మనిషి ఎవరికీ చెప్పుకోని బాధ అది. కొడుక్కి తెలియదు, కోడలికి తెలియదు, మనవడికి అసలే తెలియదు.

వాడు తలుపు వెనక నిలబడి వింటున్నాడని నేను చూడలేదు. బయటికొచ్చి తాతగారి కాళ్ల దగ్గర కూర్చున్నాడు. చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత నెమ్మదిగా, "ముత్తాత వాయించిన దెబ్బ ఎలా ఉండేది తాతయ్యా?" అని అడిగాడు.

పెద్దాయన జవాబు చెప్పలేదు. లేచి లోపలికి వెళ్లి పడుకున్నారు. అడగకూడనిది అడిగాడేమోనని నాకు భయం వేసింది. సాయంత్రం బండి మానుకుని ఆ రాత్రి అక్కడే ఉండిపోయాను.

తెల్లవారి కాఫీ వేళకు నేను వంటింట్లో ఉంటే అరుగు మీద నుంచి చప్పుడు వినిపించింది. పెద్దాయన చెక్క కుర్చీ చేతి మీద వేళ్లతో కొడుతున్నారు. ఆగి, మళ్లీ మొదటినుంచి కొడుతున్నారు. మనవడు ప్రక్కన నోటుపుస్తకంలో గీతలు పెట్టుకుంటున్నాడు. మా చెల్లెలు గిన్నె పట్టుకుని నిలబడిపోయింది. నేనూ కదలలేదు.

దీని తరువాత అంతా సర్దుకుందని వ్రాస్తే అది కథ అవుతుంది. తరువాతి ఆదివారం పిల్లలు వయొలిన్లూ కీబోర్డూ బేస్ గిటారుతోనే వాయించారట. డ్రమ్ములు పెట్టలేదు. పెట్టవద్దని ఎవరూ అనలేదు. ముందుగా అయ్యగారితో మాట్లాడి, ఒక కీర్తన వరుసనే తీసుకుని, చిన్న గుంపు ఎత్తుకోవడం పెద్ద గుంపు అందుకోవడం అనే ఆ పాత పద్ధతిలో కూర్చుకున్నారట. మా చెల్లెలు ఫోనులో ఒక్క ముక్క చెప్పింది: "మావయ్యగారు బయటికి వెళ్లలేదక్కయ్యా." నాకదే చాలనిపించింది. ఆ నోటుపుస్తకంలోని దరువు ఏ రోజుకైనా గుడిలో వినబడుతుందో లేదో వాళ్లిద్దరే తేల్చుకుంటారు.

యౌవనస్థులకు ఒక మాట. పాత కట్టడంలో కొత్త నడకను కలపడం తప్పు కాదు. బాక్ చేశాడు, ఇళయరాజా గారు చేశారు, మన కీర్తనల పెద్దలూ చేశారు. వాళ్లంతా ముందు పాతదాన్ని క్షుణ్ణంగా నేర్చుకున్నాకే చేశారు. గుడిలో వాయించేటప్పుడు చప్పుడు మాటను మింగేయకూడదు. కొత్త వాద్యం తేవాలనుకుంటే ముందు పెద్దల దగ్గర కూర్చోండి. అనుమతి కోసం మాత్రమే కాదు. ఆ శబ్దం వాళ్ల చెవిలో ఏమని పలుకుతుందో తెలుసుకోవడానికి.

పెద్దలకు ఒక మాట. మీ పిల్లవాడు ఏమి వాయిస్తున్నాడో ఒక్కసారి ప్రక్కన కూర్చుని పూర్తిగా వినండి. మీకు బాధ కలిగితే 'రికార్డు డ్యాన్సు' అని పేరు పెట్టి ఊరుకోకండి. ఆ బాధ ఎక్కడిదో వాళ్లకు చెప్పండి. చెప్పకపోతే అది మీతోనే పోతుంది. వాళ్లకు మిగిలేది మీ కోపమొక్కటే.

ఇళయరాజా గారికి ఆనాడు తన రచనకు పేరు తోచక, ఆ ప్రశ్ననే పేరుగా పెట్టారు. ఆ ఉదయం మా చెల్లెలి ఇంటి అరుగు మీద విన్న చప్పుడుకు నాకూ పేరు తోచలేదు. మీ ఇళ్లలో కూడా ఇలాంటిది జరిగి ఉంటే నాకు వ్రాయండి.

వచ్చే నెల మళ్లీ కలుసుకుందాము. ప్రభువు మీ కుటుంబాలను దీవించునుగాక.